లివర్ రిపోర్టులో ఏ అంకె చూడాలి?



కామెర్లు వచ్చాయనగానే మన ఊళ్లలో ముందుగా అడిగే మాట ఒకటే. "ఎన్ని పాయింట్లున్నాయి?" పన్నెండంటే అయ్యో అంటారు. ఇరవై అంటే ఇంటిల్లిపాదీ బెంబేలెత్తిపోతారు. ఐదే అంటే, "ఏం పర్లేదు, పసరు పోయించండి, తగ్గిపోతుంది" అంటారు. ఆ పాయింట్లు బిలిరుబిన్‌వి. ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తంలో అది ఒక పాయింటు దరిదాపుల్లో ఉంటుంది. రెండు, మూడు దాటితే కళ్లు పచ్చబడతాయి, మూత్రం రంగు మారుతుంది. కంటికి కనిపించేది కాబట్టి అందరి చూపూ దాని మీదే.

నేను లివర్ జబ్బుల వార్డులో ఏళ్ల తరబడి పనిచేస్తున్న డాక్టర్ని. 22 పాయింట్ల కామెర్లతో వచ్చి, కొన్నాళ్లకు కులాసాగా మళ్లీ పొలం పనికి వెళ్లినవాళ్లను చూశాను. 8 పాయింట్లతో వచ్చి వారం తిరగకుండానే చేజారిపోయినవాళ్లనూ చూశాను. ఈ ఇద్దరినీ వేరుచేసి చూపించే అంకె రక్తపరీక్షల కాగితంలోనే ఉంటుంది. కొన్నిసార్లు ఆ కాగితం ఇంట్లోవాళ్ల సంచిలోనే ఉంటుంది. ఏ అంకె చూడాలో తెలియక విలువైన రోజులు గడిచిపోతాయి. అందుకే ఈ పూట దాని గురించే మాట్లాడదామని వచ్చాను.

ముందు ఒక సంగతి. లివర్ వాచడం వేరు, లివర్ ఫెయిలవడం వేరు. కలుషితమైన నీళ్లు, తిండి ద్వారా వచ్చే హెపటైటిస్ ఎ, హెపటైటిస్ ఇ జబ్బుల్లో లివర్ వాస్తుంది, చాలామందిలో తనంతట తానే కోలుకుంటుంది. ఏ కొద్దిమందిలోనో అలా జరగదు. అంతకుముందు లివర్ జబ్బంటూ ఎరగని మనిషికి, కామెర్లు మొదలైన రోజుల్లోనో వారాల్లోనో, రక్తం గడ్డకట్టే శక్తి పడిపోయి, మాట తడబడి, మతి తప్పుతుంది. దీన్ని అక్యూట్ లివర్ ఫెయిల్యూర్ అంటాం. రెండో దారి నెమ్మదిది. తాగుడు వల్లో, హెపటైటిస్ బి, సి వల్లో, కొవ్వు పేరుకోవడం వల్లో లివర్ ఏళ్ల తరబడి గట్టిపడి సిరోసిస్‌గా మారుతుంది. కాళ్ల వాపులు, పొట్టలో నీళ్లు, రక్తం కక్కుకోవడం, ఇలా నడుస్తుంది ఆ కథ. రెండింటిలోనూ ఇంట్లోవాళ్లు అడిగే ప్రశ్న ఒకటే: బతుకుతాడా? రక్తపరీక్షలు ఆ ప్రశ్నకు ఎంతవరకు జవాబు చెప్పగలవో చూద్దాం.

బిలిరుబిన్ తర్వాత జనం చూసేది ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ. ఇవి లివర్ కణాల లోపల ఉండే ఎంజైములు. కణం పగిలితే రక్తంలోకి కారతాయి. మామూలుగా 40కి అటూ ఇటూగా ఉండేవి వైరల్ హెపటైటిస్‌లో రెండు వేలు, నాలుగు వేలు అవుతాయి. ఆ అంకె చూసి హడలిపోతారు. దిగగానే ఊపిరి పీల్చుకుంటారు. నిజానికి అది కణాలు ఏ మేరకు పగులుతున్నాయో చెబుతుంది తప్ప, పనిచేసేవి ఎన్ని మిగిలాయో చెప్పదు. ఇల్లు అంటుకుంటే పొగ లేస్తుంది. మంట ఆర్పినా పొగ తగ్గుతుంది, కాలడానికి ఇంకేమీ మిగలకపోయినా పొగ తగ్గుతుంది. ఎస్‌జీపీటీ దిగినప్పుడు ఈ రెండింట్లో ఏది జరిగిందో ఆ ఒక్క అంకెతో తేల్చలేం.

తేల్చడానికి ఇంకో పరీక్ష ఉంది. ప్రోథ్రాంబిన్ టైమ్. కాగితం మీద పీటీ అని ఉంటుంది, పక్కన ఐఎన్ఆర్ అని ఉంటుంది. చాలా ల్యాబుల్లో ఎల్ఎఫ్‌టీ, అంటే లివర్ ఫంక్షన్ టెస్ట్, అని రాస్తే ఇది చెయ్యరు. విడిగా రాయాలి, వేరే ట్యూబులో రక్తం తియ్యాలి. అందువల్లే చాలా ఫైళ్లలో ఎల్ఎఫ్‌టీలు నాలుగైదు ఉంటాయి, ఐఎన్ఆర్ ఒక్కటీ ఉండదు.

రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్రోటీన్లలో చాలా భాగం లివరే తయారుచేస్తుంది. వాటిలో ఏడో ఫ్యాక్టర్ అని ఒకటుంది. దాని ఆయుష్షు చాలా తక్కువ, అయిదారు గంటల్లో సగానికి సగం అయిపోతుంది. లివర్ ఈ ఉదయం పని మానేసిందంటే, రేపటి ఉదయానికల్లా ఆ లోటు రక్తంలో కనిపించి తీరుతుంది. లివరే తయారుచేసే ఆల్బుమిన్‌కు సగానికి రావడానికి ఇరవై రోజులదాకా పడుతుంది. అందుకని సిరోసిస్ లాంటి పాత జబ్బును అంచనా కట్టడానికి ఆల్బుమిన్ పనికొస్తుంది గానీ, నిన్న రాత్రి లివర్‌కు ఏమైందో తెలియాలంటే ఐఎన్ఆరే చూడాలి.

ఈ పరీక్షను 1935లో అమెరికాలో ఆర్మండ్ క్విక్ అనే శాస్త్రవేత్త, తన సహచరులతో కలిసి ప్రపంచానికి చెప్పాడు. హీమోఫీలియాలోనూ కామెర్లలోనూ రక్తం ఎందుకు సరిగా గడ్డకట్టదో తెలుసుకునే ప్రయత్నంలో పుట్టిందది. ఇప్పటికీ పద్ధతి దాదాపు అదే. నీలం మూత ఉన్న చిన్న ట్యూబు, అడుగున కొద్దిగా సిట్రేట్ ద్రవం. తొమ్మిది వంతుల రక్తానికి ఒక వంతు సిట్రేట్ లెక్కన ట్యూబు మీద గీత ఉంటుంది. రక్తం సరిగ్గా ఆ గీతదాకా నిండాలి. నరం దొరక్క సగం ట్యూబే నిండిందనుకోండి, సిట్రేట్ పాలు ఎక్కువైపోయి ఐఎన్ఆర్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఒక సగం ట్యూబు ఇంటిల్లిపాదిచేతా కన్నీళ్లు పెట్టించగలదు. ల్యాబులో ఆ ట్యూబును గిర్రున తిప్పి, పైకి తేరిన ప్లాస్మా తీసి, 37 డిగ్రీల వెచ్చదనంలో థ్రాంబోప్లాస్టిన్, కాల్షియం కలిపి, గడ్డ కట్టేదాకా సెకన్లు లెక్కపెడతారు. ఆరోగ్యవంతుడి ప్లాస్మా 12, 13 సెకన్లలో గడ్డ కడుతుంది. లివర్ ఫెయిలైన మనిషిది 50 సెకన్లయినా నీళ్లలాగే ఉంటుంది. ఒక్కో ల్యాబు వాడే థ్రాంబోప్లాస్టిన్ ఒక్కో రకం కాబట్టి, ఆ తేడాలు సర్దడానికి సెకన్లను నిష్పత్తిగా మార్చి చెబుతారు. అదే ఐఎన్ఆర్. మామూలు మనిషికి అది 1. ఒకటిన్నర చేరితే మేము జాగ్రత్తపడతాం.

ఐఎన్ఆర్ పెరిగిన ప్రతివాళ్లకూ లివర్ పోయినట్టు కాదు. పైత్యరసం వచ్చే గొట్టంలో రాయి అడ్డుపడ్డా కామెర్లు వస్తాయి. అప్పుడు తిండిలోని విటమిన్ కె ఒంటికి పట్టదు. అది లేకపోతే లివర్ బాగున్నా గడ్డకట్టే ప్రోటీన్లు కొన్ని సరిగా తయారవవు. అందుకే విటమిన్ కె ఇంజెక్షన్ ఇచ్చి మర్నాడు మళ్లీ చూస్తాం. ఐఎన్ఆర్ దిగివస్తే లోపం సరఫరాలో ఉన్నట్టు. దిగకపోతే లోపం లివర్‌లోనే ఉన్నట్టు. చవకైన ఇంజెక్షన్, చాలా పెద్ద సంగతి చెబుతుంది.

కొంతకాలం కిందట డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయిని మా దగ్గరికి తీసుకొచ్చారు. హెపటైటిస్ ఎ. అప్పటికే వేరేచోట నాలుగు రోజులు సెలైన్లు పెట్టారు. వాళ్ల నాన్నగారు రిపోర్టులన్నీ తేదీల వారీగా పిన్ను కొట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, ఎస్‌జీపీటీ కింద ఎర్ర సిరాతో గీతలు గీసి ఉంచుకున్నారు. 4,200 నుంచి 1,900. అక్కణ్నుంచి 640. "దిగుతోందండీ డాక్టరుగారూ, మంచిదేగా? అమ్మాయి కూడా ఏడుపూ గోలా లేకుండా హాయిగా నిద్రపోతోందండీ" అన్నారు. బిలిరుబిన్ చూస్తే 9 నుంచి 17కు ఎక్కింది. ఐఎన్ఆర్ మొదటిరోజు ఒక్కసారి చేశారు, 1.9. ఆ తర్వాత చెయ్యలేదు.

ఆ హాయైన నిద్రే నన్ను భయపెట్టింది. లేపి, "ఏ కాలేజీ తల్లీ?" అని అడిగాను. కళ్లు తెరిచి నన్ను చూసింది, చాలాసేపటికి గానీ జవాబు రాలేదు. చేతులు ముందుకు చాపి, మణికట్లు పైకెత్తి ఉంచమన్నాను. చేతులు నిలవలేదు, పక్షి రెక్క కొట్టుకున్నట్టు మళ్లీ మళ్లీ కిందికి వాలిపోయాయి. లివర్ వడకట్టాల్సిన విషాలు మెదడుకు చేరుతున్నాయనడానికి అది గుర్తు. రక్తం పంపితే ఐఎన్ఆర్ 5.1 వచ్చింది. ఆ నాన్నగారిని కూర్చోబెట్టి, మీరు గీత గీసిన వరుస కాదండీ, చూడాల్సింది ఈ వరుస అని చెప్పడం నా ఉద్యోగంలో కష్టమైన పనుల్లో ఒకటి. ఆ రాత్రే లివర్ మార్పిడి చేసే సెంటరుకు పంపాం.

అక్కడికి చేరాక ఇంట్లోవాళ్లు ఒకటే గొడవ: ప్లాస్మా ఎక్కించరేం? రక్తం పలచబడిందంటున్నారు, ప్లాస్మా ఇస్తే సరిపోతుందిగా? ఇది ప్రతిచోటా వినిపించే ప్రశ్నే, న్యాయమైన ప్రశ్నే. ప్లాస్మా అంటే వేరే మనిషి లివర్ తయారుచేసిన గడ్డకట్టే ప్రోటీన్లు. ఎక్కించగానే ఐఎన్ఆర్ అందంగా దిగుతుంది. కానీ అది రోగి లివర్ చేసిన పని కాదు. ఆ తర్వాత కొన్ని గంటలపాటు లివర్ కోలుకుంటోందో కూలిపోతోందో చెప్పే దారి మూసుకుపోతుంది. పైగా లివర్ జబ్బులో గడ్డకట్టించే ప్రోటీన్లతోపాటు గడ్డకట్టకుండా ఆపే ప్రోటీన్లు కూడా తగ్గుతాయి కాబట్టి, ఐఎన్ఆర్ 5 ఉన్నంత మాత్రాన రక్తం ధారగా కారిపోదు. రక్తస్రావం అవుతుంటేనో, ఏదైనా పెద్ద గొట్టం పెట్టాల్సి వస్తేనో ఇస్తాం. ఊరికే అంకె దిద్దడానికి ఇవ్వం.

ఆ అమ్మాయికి లివర్‌లో ముక్క ఇవ్వడానికి తల్లి సిద్ధపడింది. స్కానింగులు, గుండె పరీక్షలు అన్నీ ఆ రాత్రే అయ్యాయి. సంతకాలూ అయ్యాయి. ఎనిమిది గంటలకొకసారి ఐఎన్ఆర్ చూస్తూనే ఉన్నారు. ముందు 5.3. తర్వాత 5.0. ఆ తర్వాత 4.2. రక్తంలో ఆమ్లం పెరగలేదు, ప్రమాదాన్ని సూచించే లాక్టేట్ అనే పదార్థం దిగుతోంది, మతి అంతకంటే మందగించలేదు. ఆపరేషన్ ఇంకొన్ని గంటలు ఆపారు. మర్నాడు సాయంత్రానికి 2.8. ప్లాస్మా చుక్క కూడా ఎక్కించలేదు కాబట్టి ఆ దిగడం అమ్మాయి లివర్‌దేనని ధైర్యంగా నమ్మగలిగారు. తల్లి పొట్ట మీద కోత పడకుండా ఇద్దరూ ఇంటికి వెళ్లారు.

అంతటి నిర్ణయం సాధారణంగా ఒక్క అంకెతో తీసుకునేది కాదు. మార్పిడి అవసరమా అని తేల్చే కొలతబద్దకు పునాది లండన్ కింగ్స్ కాలేజ్ హాస్పిటల్‌లో పడింది. అక్కడ రోజర్ విలియమ్స్ నడిపిన లివర్ యూనిట్‌లో, 588 మంది అక్యూట్ లివర్ ఫెయిల్యూర్ రోగుల వివరాలు తీసి, చనిపోయినవాళ్లలో ముందుగా ఏం కనిపించిందో వెతికారు. ఓగ్రేడీ అనే వైద్యుడు మొదటి పేరుగా 1989లో ఆ వ్యాసం అచ్చయింది. పారాసెటమాల్ మోతాదు మించి లివర్ పోయినవాళ్లయితే రక్తంలో ఆమ్లత్వం, అంటే పీహెచ్ 7.3 కంటే కిందికి పడిపోవడం పెద్ద ప్రమాద సూచన. మిగతా కారణాల్లో ఐఎన్ఆర్ 6.5 దాటితే మార్పిడి అవసరమనడానికి అదొక్కటే చాలు. అది లేకపోతే అయిదింటిలో మూడు ఉండాలి. పదేళ్ల లోపు లేదా నలభై పైబడ్డ వయసు, మందుల వల్ల గానీ ఎ, బి కాని హెపటైటిస్ వల్ల గానీ రావడం, కామెర్లు మొదలైన వారం దాటాక మతి తప్పడం, ఐఎన్ఆర్ 3.5 దాటడం, బిలిరుబిన్ ఇంచుమించు 17.5 దాటడం. ఇందులో బిలిరుబిన్ ఉన్నా, అయిదింటిలో ఒకటిగానే ఉందని గమనించండి. ఎస్‌జీపీటీ అసలు లేనే లేదు.

వినేవాళ్లకు వింతగా తోచేది ఆ వారం సంగతి. నాలుగు రోజుల్లో ముంచుకొచ్చిన జబ్బు కంటే నిదానంగా, మూడు నాలుగు వారాలు సాగి మతి తప్పించిన జబ్బులో లివర్ తనంతట తాను కోలుకునే ఆశ తక్కువ. హడావిడిగా వచ్చిన దెబ్బను తట్టుకుని లివర్ మళ్లీ పెరగగలదు. నెమ్మదిగా సాగేదాంట్లో పెరిగే శక్తే నశించిపోతుంది. టీబీ మందులు వాడుతూ, కళ్లు కొద్దిగా పచ్చబడ్డా "మందు వేడి" అనుకుని మింగుతూనే పోయేవాళ్లను చూస్తే నాకు అందుకే ఎక్కువ దిగులు. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడూ లివర్‌ను దెబ్బతీయగలవు. వాంతులు, ఆకలి చచ్చిపోవడం, పచ్చదనం కనిపిస్తే ఆ రోజే మందు ఇచ్చిన డాక్టరుకు చెప్పాలి.

లండన్‌లో అప్పట్లో ఎక్కువమంది పారాసెటమాల్ రోగులు. మన దగ్గర ఎక్కువగా వైరల్ హెపటైటిస్, టీబీ మందులు, నాటుమందులు. కాబట్టి అక్కడి కొలతబద్ద ఇక్కడ అచ్చంగా సరిపోదు. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు మన రోగుల్లో రక్తంలోని అమ్మోనియా చూశారు. వచ్చిన రోజే ధమని రక్తంలో అమ్మోనియా 124 మైక్రోమోల్స్, ఆపైన ఉన్నవాళ్లలో మెదడు వాపు, మరణాలు బాగా ఎక్కువని 2006లో ప్రకటించారు. అమ్మోనియా శాంపిల్ చాలా సున్నితం. తీసిన వెంటనే ఐసులో పెట్టి ల్యాబుకు పరిగెత్తాలి. నర్సు బల్ల మీద అరగంట ఉంచితే ట్యూబులోనే పెరిగిపోతుంది. లాక్టేట్ కూడా అంతే. సెలైన్లు సరిపడా ఎక్కించాక కూడా లాక్టేట్ దిగకపోతే పారాసెటమాల్ కేసుల్లో ముప్పు ఎక్కువని 2002లో మళ్లీ కింగ్స్ వాళ్లే చూపించారు. ఫాస్ఫేట్ సంగతి ఇంకా ఆసక్తికరం. రక్తంలో ఫాస్ఫేట్ పడిపోతే సాధారణంగా కంగారుపడతాం. ఇక్కడ అది మంచి కబురు కావచ్చు, ఎందుకంటే కొత్తగా పెరుగుతున్న లివర్ దాన్ని వాడేసుకుంటోంది. వీటన్నిటికంటే చవకైనది వేలి మీద గుచ్చి చూసే షుగర్. లివర్‌లో చక్కెర నిల్వ అయిపోతే తెల్లవారుజామున షుగర్ పడిపోతుంది. మతి తప్పడానికి అదీ కారణమవుతుంది, అది మాత్రం గ్లూకోజుతో క్షణాల్లో సరిదిద్దగలిగేది.

మన తెలుగు జిల్లాల ఆస్పత్రులు తరచుగా చూసే ఇంకో విషాదం ఎలుకల పేస్టు. పచ్చ భాస్వరం ఉండే పేస్టు. చిన్నపిల్లలు తెలియక నోట్లో పెట్టుకుంటారు, పెద్దలు క్షణికమైన బాధలో తింటారు. దీనికి విరుగుడు మందు లేదు. దీంట్లో ప్రాణాంతకమైన మోసం ఏమిటంటే, మొదటిరోజు వాంతులై, తర్వాత ఒకటి రెండు రోజులు మనిషి పూర్తిగా బాగున్నట్టు ఉంటాడు. టిఫిన్ తింటాడు, నవ్వుతాడు. ఇంట్లోవాళ్లు డిశ్చార్జి అడిగి తీసుకెళ్లిపోతారు. మూడో రోజుకో నాలుగో రోజుకో కళ్లు పచ్చబడతాయి, అప్పటికి లివర్ లోపల చాలా నష్టం జరిగిపోయి ఉంటుంది. ఆ బాగున్న రెండు రోజుల్లో మనిషి ముఖం నమ్మొద్దు, ఐఎన్ఆర్ చూడండి. రోజూ చూడాలి. అది ఎక్కుతుంటే ప్లాస్మా మార్పిడి, లివర్ మార్పిడి వసతి ఉన్న చోటికి అప్పుడే తరలించాలి. ఇంట్లో అలాంటి పేస్టు ఉంటే ఈ రోజే తీసిపారేయండి. మనసు కుంగిపోయి ఉన్నవాళ్లు ఎవరైనా ఈ మాట వింటుంటే, 14416 నంబరుకు ఫోన్ చెయ్యండి. టెలీ మానస్ అని, ప్రభుత్వం నడిపే ఉచిత సేవ, తెలుగులోనే మాట్లాడతారు.

ఇక సిరోసిస్ సంగతి. పాతరోజుల్లో పొట్టలో నీళ్లెన్ని, మతి ఎలా ఉంది అని కంటితో చూసి మార్కులు వేసేవాళ్లం. ఒక డాక్టరు కంటికి కొద్దిగా కనిపించిన నీరు ఇంకొకరికి ఎక్కువగా కనిపించేది. 2000 సంవత్సరంలో అమెరికాలోని మాయో క్లినిక్ పరిశోధకులు ముఖ్యంగా రక్తపరీక్షల అంకెలతో ఒక లెక్క కట్టారు. బిలిరుబిన్, ఐఎన్ఆర్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్. మొదట దాన్ని లివర్‌లోని రక్తనాళాల మధ్య స్టెంటు వేయించుకునే రోగుల కోసం తయారుచేశారు. తర్వాత సిరోసిస్ ఉన్న అందరికీ పనికొస్తుందని తేలింది. అదే మెల్డ్ స్కోరు, 6 నుంచి 40 దాకా. 2002 ఫిబ్రవరి 27 నుంచి అమెరికాలో దానం వచ్చిన లివర్ ఎవరికి ముందు ఇవ్వాలో దీని ప్రకారమే చూస్తున్నారు. ఎవరు ముందు పేరు రాయించుకున్నారన్నది వెనక్కి పోయి, ఎవరు ముందు చనిపోయే ప్రమాదంలో ఉన్నారన్నది ముందుకొచ్చింది. నా దృష్టిలో వైద్యం చేసిన న్యాయమైన మార్పుల్లో అదొకటి. అక్కడి వెయిటింగ్ లిస్టులోని రోగుల్ని లెక్కపెడితే, స్కోరు 10 నుంచి 19 మధ్య ఉన్నవాళ్లలో మూడు నెలల్లో చనిపోయినవాళ్లు నూటికి ఆరుగురు. 30 నుంచి 39 మధ్య ఉన్నవాళ్లలో సగానికి పైనే.

ఆ స్కోరుకూ లోటుపాట్లున్నాయి. క్రియాటినిన్ కండల్లోంచి వస్తుంది. కండలు తక్కువున్న ఆడవాళ్లలో కిడ్నీలు దెబ్బతిన్నా అది పెద్దగా పెరగదు. దాంతో వాళ్ల స్కోరు తక్కువగా వచ్చి, లివర్ దొరక్కముందే ప్రాణాలు పోయేవి. 2016లో సోడియం చేర్చారు. 2023లో అమలైన కొత్త లెక్కలో ఆల్బుమిన్ చేర్చి, ఆడవాళ్లకు అదనపు మార్కులు కలిపారు. సిరోసిస్‌తో చిక్కిశల్యమైన మన రోగుల్లో, మగవాళ్లలో సైతం, క్రియాటినిన్ 1 అని చూసి కిడ్నీలు భేషుగ్గా ఉన్నాయనుకోవడం పొరపాటు.

తాగుడు వల్ల లివర్ వాచి వచ్చేవాళ్లకు ఇంకో లెక్క ఉంది. 1978 నాటి మ్యాడ్రీ స్కోరు, పీటీ సెకన్లు, బిలిరుబిన్ రెండిటితో కట్టేది. 32 దాటితే తీవ్రమైనదని, స్టెరాయిడ్ ఆలోచిస్తాం. ఏడో రోజున మళ్లీ పరీక్షలు చేసి, ఫ్రాన్స్‌లోని లీల్ వైద్యులు 2007లో ఇచ్చిన లెక్క వేస్తాం. బిలిరుబిన్ తగినంత దిగకపోతే మందు పనిచేయడం లేదని ఆపేస్తాం. ఎందుకంటే పనిచేయని స్టెరాయిడ్ ఇన్ఫెక్షన్లకు తలుపు తీస్తుంది. ఇంట్లోవాళ్లు "మందు ఆపేశారు, వదిలేశారు" అని బాధపడతారు. వదిలేయడం కాదది. సిరోసిస్ మీద కామెర్లు హఠాత్తుగా ముదిరేవాళ్లకు, ఢిల్లీలోని ఐఎల్‌బీఎస్ లివర్ ఆస్పత్రి ముందుండి నడిపిన ఆసియా దేశాల వైద్యుల బృందం లాక్టేట్ కూడా చేర్చి ఒక స్కోరు ఇచ్చింది. మన ఖండపు రోగుల మీద కట్టిన లెక్క కాబట్టి నాకు దాని మీద గురి. మొదటిరోజు స్కోరు ఎంత పెద్దదైనా, నాలుగో రోజుకూ ఏడో రోజుకూ అది ఎటు నడుస్తోందన్నదే అసలు మాట.

నూటికి యాభై మంది అన్నప్పుడు మీ మనిషి ఆ యాభైలోనా ఈ యాభైలోనా అన్నది ఏ స్కోరూ చెప్పలేదు. మరెందుకీ లెక్కలు? తరలించే వేళ తెలియడానికి. మన దేశంలో ఎక్కువ లివర్ మార్పిడులు బతికున్న మనిషి దానంతోనే జరుగుతున్నాయి. తండ్రికి కొడుకు, భర్తకు భార్య, తమ్ముడికి అక్క. ఆరోగ్యంగా ఉన్న మనిషిని బల్ల మీద పడుకోబెట్టి లివర్‌లో సగానికి పైగా తీస్తాం. ప్రమాదం చిన్నదే అయినా లేకపోలేదు. తొందరపడితే అనవసరంగా ఒక కోత. ఆలస్యం చేస్తే రోగికి ఇన్ఫెక్షన్ ముదిరి, మెదడు వాచి, ఆపరేషన్ చెయ్యడానికే వీలుండదు. ఈ రెండింటి మధ్య ఉండే వ్యవధి కొన్నిసార్లు ఒకటి రెండు రోజులే. చనిపోయినవారి అవయవాల కోసం 2013లో మొదలైన జీవన్‌దాన్ పథకంలో పేరు నమోదు చేయించుకునే దారీ ఉంది. దానికీ రోగి ముందుగా సెంటరుకు చేరాలి.

పసరు గురించి ఒక మాట చెప్పకపోతే ఈ ప్రసంగం సగమే. పసరు పోయించుకున్న చాలామందికి కామెర్లు తగ్గుతాయి, నిజమే. వాళ్లకు వచ్చింది ఎక్కువగా హెపటైటిస్ ఎ, ఇ. పోయకపోయినా తగ్గేవే. పసరు పోసే పెద్దాయన మంచివాడే కావచ్చు, డబ్బు పుచ్చుకోకపోవచ్చు. కానీ ఆయన దగ్గర ఐఎన్ఆర్ లేదు. తగ్గే కామెర్లేవో ముంచే కామెర్లేవో కంటి రంగు చూసి ఎవరమూ చెప్పలేం, నేనూ చెప్పలేను. గర్భిణికి కామెర్లు వస్తే ఒక్క పూట కూడా ఆగొద్దు. హెపటైటిస్ ఇ వాళ్లను, ముఖ్యంగా చివరి నెలల్లో, మిగతావాళ్లకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా బలి తీసుకుంటుంది.

చివరిగా చిన్న ఊళ్లలో, మండల కేంద్రాల్లో పనిచేస్తున్న నా తోటి డాక్టర్లకు ఒక విన్నపం. కామెర్ల రోగిని పెద్దాస్పత్రికి పంపేటప్పుడు చీటీలో ఐఎన్ఆర్ ఎంతో, ఏ తేదీన, ఏ గంటకు తీశారో రాయండి. విటమిన్ కె ఇచ్చారా, ప్లాస్మా ఎక్కించారా, ఎక్కిస్తే ఎన్ని బ్యాగులు, ఎన్ని గంటలకు అన్నది కూడా రాయండి. మత్తు ఇంజెక్షన్ ఏదైనా ఇచ్చి ఉంటే తప్పకుండా రాయండి, లేకపోతే ఆ మత్తును మేము లివర్ మత్తు అనుకుంటాం. రోగి బంధువులు ఆ చీటీని రిపోర్టుల కవర్లో అన్నిటికంటే పైన పెట్టుకుని రావాలి. అర్ధరాత్రి అంబులెన్స్ దిగగానే మేము మొదట అడిగేది అదే.